మేకుల టైరు నుంచి మెత్తని రబ్బరుకు: జపాన్‌లో మంచుదారి టైరు ఎంపిక - ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

మంచు పడిన రోడ్డు మీద కారు నడిపేవారికి ఏ టైరు తగినది? ఈ ప్రశ్న పైకి కొనుగోలుదారుడి సొంత వ్యవహారంలా కనిపిస్తుంది. అంగడికి వెళ్లి, ధర అడిగి, అనుభవజ్ఞుల మాట విని తేల్చుకోదగిన విషయమే అనిపిస్తుంది. కాని 1980వ దశకంలో ఉత్తర జపాన్‌లో ఇది ప్రజారోగ్య సమస్యగా, వివాదంగా, చివరకు జాతీయ శాసనంగా పరిణమించింది. కారులో కూర్చున్నవాడి ప్రాణానికి గట్టి భరోసా ఇచ్చే టైరే బాట పక్కన నడిచేవాడి ఊపిరికి చేటు చేస్తే ఎవరి పక్షాన నిలవాలి అన్నది అక్కడి సమాజం తేల్చుకోవలసి వచ్చింది. ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. తెలుగులో తెల్లవారుజామున పొలాలను కమ్మేదీ, గడ్డిపరక మీద నిలిచేదీ, హిమాలయాల్లో రాలేదీ, గడ్డకట్టిన నీరూ అన్నీ మంచే. మన వాతావరణానికి ఆ ఒక్క మాట సరిపోయింది. టైరు విషయంలో మాత్రం సరిపోదు. ఆకాశం నుంచి రాలి పేరుకొనేదాన్ని హిమం అనీ, రోడ్డు మీద అద్దంలా బిగిసే పొరను మంచుగడ్డ అనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తున్నాను. హిమంలో టైరు గాడులు హిమాన్ని నొక్కి నింపుకొని, ఆ నిండిన హిమంతోనే కింది హిమాన్ని పట్టుకుంటాయి. అక్కడ లోతైన గాడి పనికొస్తుంది. మంచుగడ్డ మీద లోతుకు అంత ప్రయోజనం లేదు. టైరుకూ గడ్డకూ నడుమ ఉండే పలుచని నీటిపొరే అసలు శత్రువు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ పొర ఎక్కువగా ఉంటుంది, చలి బాగా ముదిరితే తగ్గుతుంది. కనుక మైనస్ 15 డిగ్రీల దగ్గర గడ్డకన్నా సున్నా దగ్గర గడ్డే ఎక్కువగా జారుతుంది. ఈ భేదం తెలియకపోతే జపాన్‌లో జరిగిన వివాదం బోధపడదు.

గొలుసు, గాడి, మేకు

తొలి ఉపాయం గొలుసు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ 1904లో టైరుకు చుట్టే గొలుసుకు పేటెంట్ పొందాడు. మన హిమాలయ కనుమల్లో నేటికీ వాడుకలో ఉన్నది దాని సంతతే. ప్రత్యేకించి చలికాలానికే టైరు తయారుచేసే ఆలోచన ఫిన్లాండ్‌లో రూపుదిద్దుకుంది. అక్కడి నోకియా పట్టణపు రబ్బరు కర్మాగారం 1934లో లారీల కోసం, 1936లో కార్ల కోసం అడ్డంగా లోతైన గాడులున్న టైర్లను తెచ్చింది. కార్ల టైరుకు పెట్టిన హక్కపెలీట్టా అనే పేరు ముప్పై ఏళ్ల యుద్ధంలో స్వీడన్ పక్షాన పోరాడిన ఫిన్నిష్ అశ్విక సైనికులది. టైరు అంగడిలోకి యుద్ధచరిత్ర దిగిరావడం కాస్త విడ్డూరమే అయినా, హిమాన్ని శత్రువుగా భావించిన ఆనాటి దృష్టికి ఆ పేరు తగినదే.

గాడులు హిమాన్ని గెలిచాయి కాని మంచుగడ్డను గెలవలేదు. ఆ లోటు తీర్చింది మేకు. ఉక్కు ఒరలో టంగ్‌స్టన్ కార్బైడ్ మొన అమర్చి, దాన్ని రబ్బరులో దిగగొట్టిన టైర్లు 1950ల చివర, 1960ల ఆరంభంలో స్కాండినేవియా ప్రాంతం నుంచి వ్యాపించాయి. మొన గడ్డను గీరి పట్టు సాధిస్తుంది. కాని గడ్డ లేని చోట అదే మొన రోడ్డును గీరుతుంది. ఈ నష్టాన్ని అమెరికాలోని మిన్నెసోటా త్వరగానే గుర్తించింది. 1965లో అనుమతించిన మేకుల టైర్లను 1971లో నిషేధించింది. పశ్చిమ జర్మనీ 1975లో అదే దారి పట్టింది. ఈ నిర్ణయాల్లో ప్రధాన వాదన రోడ్ల మరమ్మతు ఖర్చు. ఊపిరి గురించిన వాదనను కేంద్రస్థానానికి తెచ్చింది జపాన్.

సెండాయ్ ధూళి

మేకుల టైర్లు జపాన్‌లో 1960లలో ప్రవేశించి, 1970లలో ఉత్తర ప్రాంతమంతటా సామాన్య వాడుకగా మారాయి. వాటి దుష్ఫలితం అన్నిటికన్నా తీవ్రంగా కనిపించింది హొక్కైడోలో కాదు, మియాగి ప్రిఫెక్చర్ రాజధాని సెండాయ్‌లో. కారణం భౌగోళికం. పసిఫిక్ తీరాన ఉన్న ఈ నగరంలో చలి ఉంటుంది, హిమపాతం మాత్రం తక్కువ. ఉదయం వేళ గడ్డ భయం వల్ల వాహనదారులు మేకుల టైర్లు బిగించుకొనేవారు. రోజులో అధిక భాగం రోడ్డు పొడిగా ఉండేది. వేలాది వాహనాల మేకులు పొడి తారును నేరుగా గీరడంతో లేచిన నల్లని ధూళి వీధులను కమ్మేది. పాదచారులు ముక్కుకు గుడ్డ కట్టుకొని నడిచేవారు. తరువుల నగరంగా పేరు పడ్డ సెండాయ్‌ను జనం 'సెండాయ్ ఎడారి' అని పిలవడం మొదలుపెట్టారు. పత్రికలకు పౌరులు రాసిన లేఖలతో, వైద్యుల, పరిశోధకుల ఆందోళనతో ఇది 1980ల ఆరంభంలోనే ఉద్యమ రూపం దాల్చింది. 1985లో మియాగి ప్రిఫెక్చర్ ఈ విషయంలో దేశంలోనే తొలి స్థానిక శాసనం చేసింది.

ఇక్కడ నైతికంగా చిక్కు ఉంది. మేకు బిగించుకున్న వాహనదారుడు దుర్మార్గుడు కాడు. తన పిల్లలను బడికి దించివచ్చే తండ్రి, సరుకు చేరవేసే డ్రైవరు చేసిన జాగ్రత్త అది. విడివిడిగా చూస్తే ప్రతి ఎంపికా సహేతుకమే. అన్నీ కలిసినప్పుడు ఎవరూ కోరని ఫలితం పుట్టింది.

రాజీ ముందు, శాసనం తరువాత

సమస్యను మలుపు తిప్పినది పార్లమెంటు కాదు. నాగానో ప్రిఫెక్చర్‌కు చెందిన న్యాయవాదులు టైరు తయారీదారులను ప్రతిపక్షంగా చేసి, కాలుష్య వివాదాల పరిష్కారానికి ఏర్పడిన జాతీయ సంఘాన్ని ఆశ్రయించారు. 1988లో రాజీ కుదిరింది. దాని ప్రకారం 1990 చివరికల్లా మేకుల టైర్ల తయారీ, 1991 మార్చి ముగిసేలోగా అమ్మకం ఆగిపోవాలి. జాతీయ చట్టం వచ్చింది ఆ తరువాతే, 1990 జూన్‌లో. నిషేధం 1991 ఏప్రిల్ నుంచి, లక్ష యెన్‌ల వరకు జరిమానా 1992 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి.

చట్టం పాఠాన్ని జాగ్రత్తగా చదివితే ఒక విశేషం గోచరిస్తుంది. అది మేకుల టైరును సర్వత్రా నిషేధించలేదు. నిర్దేశిత ప్రాంతాల్లో, తారు లేదా కాంక్రీటు వేసిన రోడ్ల మీద, హిమం గాని మంచుగడ్డ గాని లేని భాగంలో మాత్రమే వాడరాదన్నది. అగ్నిమాపక వాహనాలకు, అంబులెన్సులకు, అవయవ వైకల్యం ఉన్నవారు నడిపే వాహనాలకు మినహాయింపు ఇచ్చింది. రోడ్డులో ఒక ఫర్లాంగు గడ్డకట్టి, మరో ఫర్లాంగు పొడిగా ఉండే ఊళ్లో ఇలాంటి నియమాన్ని పోలీసులు ఎంతవరకు అమలు చేయగలరు? నా అభిప్రాయంలో మేకు కనుమరుగు కావడానికి జరిమానా భయంకన్నా అంగడిలో సరుకు లేకపోవడమే బలమైన కారణం. కొనుగోలుదారుడి మనస్సాక్షిని వేడుకొనే బదులు తయారీ మూలాన్నే పట్టుకున్న న్యాయవాదుల వ్యూహానికి చరిత్రకారులు మరింత ప్రాధాన్యం ఇవ్వాలి.

మేకు లేని పట్టు

ప్రత్యామ్నాయం కనుచూపు మేరలో లేకపోతే తయారీదారులు ఆ రాజీకి ఒప్పుకొని ఉండేవారా అన్నది సందేహమే. మిషెలిన్ సంస్థ 1982లోనే జపాన్ అంగడికి మేకు లేని చలికాలపు టైరును తెచ్చింది. రాజీ కుదిరిన 1988లోనే బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్‌ను విడుదల చేసింది. దాని రబ్బరులో సూక్ష్మమైన బుడగలుంటాయి. టైరు అరిగేకొద్దీ ఆ రంధ్రాలు బయటపడి నీటిపొరను పీల్చుకుంటాయి. మరో జపాన్ సంస్థ టోయో, అక్రోటు పెంకుల పొడిని రబ్బరులో కలిపింది. మంచుగడ్డను గీరగలిగేంత గట్టిదనం, రోడ్డును కోయలేనంత మెత్తదనం ఆ పెంకుకు ఉండడమే అందుకు కారణం.

వీటన్నిటికీ ఆధారం రెండు పాత సూత్రాలు. మొదటిది చలిలోనూ బిగుసుకోని రబ్బరు. వేసవి టైరు చలికి గట్టిపడి రోడ్డు గరుకులోకి ఒదగదు. 7 డిగ్రీల కింద టైరు మార్చాలన్న ప్రసిద్ధ సూచన దీని మీదే నిలిచింది, అయితే ఆ గీత ప్రకృతి గీసింది కాదు, వాడుక సౌలభ్యం కోసం గీసుకున్నది. రెండవది టైరు దిమ్మెల మీద కత్తిగాట్లవంటి సన్నని చీలికలు. 1923లో వీటికి పేటెంట్ పొందిన జాన్ సైప్ కబేళా పనివాడనీ, తడి నేల మీద జారకుండా బూట్ల అడుగున గాట్లు పెట్టుకున్నాడనీ చెబుతారు. ఇంగ్లీషులో ఆ చీలికలకు నేటికీ అతని పేరే ఉంది.

మేకు కంటికి కనిపిస్తుంది, రబ్బరు గుణం కనిపించదు. కనుక ఎంపిక ఇప్పుడు ముద్రల మీద ఆధారపడింది. 'ఎం ప్లస్ ఎస్' అనే అక్షరాలు టైరు గాడుల ఆకృతినే సూచిస్తాయి, పరీక్షను కాదు. 1999లో ఉత్తర అమెరికా రబ్బరు పరిశ్రమ సంఘాలు ప్రవేశపెట్టిన మూడు శిఖరాల పర్వతం, హిమస్ఫటికం ముద్ర హిమం మీద కొలిచిన పట్టుకు గుర్తు. క్యూబెక్‌లో 2008 నుంచి చలికాలపు టైర్లు తప్పనిసరి. అక్కడికీ పొరుగు రాష్ట్రాలకూ వలసవెళ్లిన తెలుగువారు మొదటి శీతకాలంలోనే ఈ రెండు ముద్రల తేడా నేర్చుకోవలసి వస్తుంది. అయితే ఆ ముద్ర వెనుక ఉన్నది హిమం మీది పరీక్షే, మంచుగడ్డ మీదిది కాదు.

అద్దం లాంటి కూడళ్లు

మేకులు పోయాక సెండాయ్ గాలి తేటపడింది. సప్పోరోలో మాత్రం కొత్త చిక్కు వచ్చింది. మేకులు గడ్డను గీరి గరుకుగా ఉంచేవి, తమకు తెలియకుండానే మేకు లేని వాహనాలకూ, బాటసారులకూ మేలు చేసేవి. మెత్తని టైర్లు కూడళ్ల వద్ద పదేపదే ఆగి, కదిలి, గడ్డను నునుపు దేల్చాయి. 'త్సురుత్సురు' రోడ్లని జనం పిలిచిన ఆ అద్దాల మీద వాహనాలకన్నా ముందు జారిపడింది పాదచారులు. 1990లలో జారిపడి ఆసుపత్రికి చేరినవారి సంఖ్య బాగా పెరిగింది, వారిలో వృద్ధులు ఎక్కువ. నార్వే ఈ అంశాన్ని గమనంలో ఉంచుకొని పూర్తి నిషేధానికి పోలేదు. ఓస్లో వంటి నగరాలు మేకుల టైరుకు రుసుము విధించి, వాటి నిష్పత్తిని తగ్గించే మార్గాన్ని ఎంచుకున్నాయి. స్టాక్‌హోమ్ 2010లో హోర్న్స్‌గాటన్ అనే ఒక్క వీధిలో వాటిని నిషేధించి పరీక్షించింది.

సప్పోరో నగరపాలన కూడళ్ల పక్కన ఇసుక డబ్బాలు పెట్టింది. రోడ్డు దాటేవారు అందులోంచి ఇసుక తీసుకొని తమ ముందు గడ్డ మీద చల్లి నడుస్తారు. ఆ ఇసుక చక్రాల కింద నలిగి, వసంతంలో గడ్డ కరిగాక, ధూళిగా లేస్తుందని, మేకు లేని టైరు కిందా అది రోడ్డును అరగదీస్తుందని ఫిన్లాండ్ పరిశోధకులు తరువాత నిరూపించారు.