ఉత్తుత్తి ఫ్లాషు

మంట దగ్గరికి జరగండర్రా. ఒరే, నువ్వా యాషికా కెమెరాని అవతలెట్టు, ఏడి తగిల్తే లోపల రీలు పాడైపోద్ది. 36 బొమ్మలకి అంత డబ్బు పోసేవా? మీ నాన్నకి తెలిస్తే రీలు కాదు, నిన్నే కడిగేస్తాడు.

మాకిది సరదా కాదు, కూడు. కంచరపాలెం మెట్టు దగ్గర స్టూడియోలో నాను సీకటిగది కుర్రోణ్ణి. నలుపు తెలుపు సరుకు ఊటీ నుంచొచ్చేది. హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ అని సర్కారు కంపెనీ, ‘ఇందు’ మార్కు. ఫిలిం కడిగే మందు 20 డిగ్రీల సల్లదనంలో ఉండాలనీవోరు. ఊటీలో అయితే సరే! మన ఇశాపట్నంలో మే నెల కుళాయి నీళ్లు ముట్టుకుంటే సురుక్కుమంటాయి. ఆ ఏడికి ఫిలిం మీద జిగురు మెత్తబడి ఊడొచ్చేసేది. అంచేత సేపలకేసే ఐసు గోనెలో సుట్టి సైకిలు మీద తెచ్చీవోణ్ణి. తొట్లో ఐసు, మధ్యన మందు ట్రే. ఐసుముక్క మందులో పడిందా, పల్సనైపోద్ది. జిగురు గట్టిపడాలని బొమ్మ నిలబెట్టే హైపో మందులో పటిక కలిపీవోళ్లం.

ఫోటో కాయితం మాత్రం ఎర్ర దీపం కింద కడగాలి. ట్రే ఆడిస్తుంటే ముందు మీసాలొస్తాయి. తర్వాత జుట్టు, కనుబొమలు. మొహం ఆఖర్న. పోలీసోళ్ల ఫోటోలైతే మీసాల్తోనే గుర్తుపట్టీవోణ్ణి.

పెళ్లిళ్లే పెద్ద తంటా. 120 రీలుకి 12 బొమ్మలు. లోకోషెడ్డు ఉద్యోగుల ఇళ్లలో పెళ్లికి రెండు రీళ్లంటే గొప్ప. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు పోను మిగిలేవెన్ని? మేనమావ అలిగి కూకున్నాడు, బావగారు పంచె సర్దుకుని నిలబడ్డాడు. మా ఓనరు కెమెరా నొక్కకుండా ఫ్లాషొక్కటే ఎలిగించీవోడు. అది ఎలిగిందంటే అందరివీ నవ్వుమొహాలే. తర్వాతొచ్చి మా బొమ్మేదయ్యా అంటే, కడుగుతుంటే పోయిందండీ అని నాను సెప్పాలి. తిట్లన్నీ నాకే.

గానీ అలా మిగిల్చిన బొమ్మ ఎవరికి ఖర్చెట్టీవోడో సూడాలి. వంటల కాడ కూకున్న ముసల్దాన్నో, ఫోటో అంటే ఎరగని మేనత్తనో పిలిచి కుర్చీలో కూకోబెట్టీవోడు. కొన్నేళ్లకి ఆ ఇంటోళ్లే ఒచ్చి, ఇదొక్కటే ఉంది బాబూ, పెద్దది సెయ్యండి, దండెయ్యాలి అనీవోరు. సముద్రపు సెమ్మకి అంటుకుపోకుండా ఒక్కో నెగిటివునీ కవరులో ఏసి, నంబరేసి దాచీవోళ్లం. వెతికి తీసీసరికి తుమ్ములే తుమ్ములు.

మీ ఫోన్లో మేనమావకీ బొమ్మే, మేకపిల్లకీ బొమ్మే. ఎవరిది తియ్యాలో తేల్చుకునే పన్లేదు. ఆ తేల్చుకోడం కోసమే నువ్వింత డబ్బు తగలేసేవని నా అనుమానం.

రీలు మోజు నీ ఒక్కడికే కాదులే. 2012లో దివాలా పిటిషనెట్టిన కోడాకువోడే, 2023లో ఒచ్చిన ఓపెన్‌హైమర్ సినిమాకి నలుపు తెలుపు ఫిలిం ప్రత్యేకంగా సేసిచ్చేడు. మన ఊటీ ఫ్యాక్టరీ మాత్రం మూతపడింది.

ఎలుగులో రీలు ఎక్కించి, మూతేసి, మొదట రెండు మూడు ఉత్తినే నొక్కేవు కదూ? అవన్నీ దండగ. సీకట్లో ఎక్కిస్తే 36 రీల్లో 38 వస్తాయి. ఆ రెండూ మా ఓనరు లాభం. ఈసారి రీలు కొన్నాక నా దగ్గరికి రా, దుప్పట్లో సెయ్యెట్టి ఎలా ఎక్కించాలో సూపిస్తాను. ఇప్పుడెన్ని మిగిల్నాయి? నాలుగా? అయితే మేకపిల్ల జోలికెళ్లకు.