వరుస తప్పని నకలు

ఆస్పత్రిలో రోగి వివరాలన్నీ ఒకే చోట ఉండవు. రక్తపరీక్షల ఫలితాలు ఒక నిల్వ యంత్రంలో ఉంటే, మందుల నమోదు మరొకదానిలో, స్కాన్ చిత్రాలు ఇంకొకదానిలో ఉంటాయి. వీటన్నిటికీ దూరాన నకళ్ళు ఉన్నాయంటే ధైర్యంగానే ఉంటుంది. కాని ఆ నకళ్ళన్నీ ఒకే క్షణానికి చెందినవేనా?

ఒకప్పుడు రాత్రిపూట సమాచారాన్ని టేపులకెక్కించి వేరే భవనానికి తరలించేవారు. ప్రమాదం జరిగితే ఒక రోజు పని పోయేది. 1994లో ఈఎమ్‌సీ సంస్థ తన సిమ్మెట్రిక్స్ యంత్రాలకు ఎస్సార్డీఎఫ్ అనే పద్ధతిని తెచ్చింది. ఇక్కడ రాసినది అవతలి యంత్రానికి చేరి, రసీదు తిరిగివచ్చాకే ప్రోగ్రాముకు పని అయినట్టు చెప్పడం సమకాలిక పద్ధతి. ఇందులో ఒక్క అక్షరమూ పోదు, కాని దూరం పెరిగేకొద్దీ జాప్యం పెరుగుతుంది. గాజుతీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే 100 కిలోమీటర్లు వెళ్ళి రావడానికి ఒక మిల్లీసెకను. అది ఒక్కసారికి స్వల్పమే, సెకనుకు వేల రాతలుంటే భారం. ముందు పని ముగించి తరువాత నకలు పంపే అసమకాలిక పద్ధతికి దూరంతో పేచీ లేదు. అయితే ప్రమాదంలో చివరి క్షణాల రాతలు పోవచ్చు.

యంత్రాలు అనేకమైనప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. అగ్నిప్రమాదం అన్ని తీగలనూ ఒకేసారి తెంపదు. మందుల యంత్రం నుంచి వెళ్ళే తీగ ముందు తెగిందనుకుందాం. ఆ తరువాత నర్సు ఇన్సులిన్ ఇచ్చింది. గంటకు రక్తంలో చక్కెర పడిపోయింది. ల్యాబు యంత్రం ఆ ఫలితాన్ని అవతలికి పంపింది. దూరపు నకలులో కార్యం ఉంది, కారణం లేదు. దాన్ని చూసిన వైద్యుడు లేని వ్యాధి కోసం వెతుకుతాడు. డేటాబేసుల సంగతీ ఇంతే. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసి, ఆపై పట్టికను మారుస్తాయి. చిట్టా లేకుండా మారిన పట్టిక చేరితే అవతల డేటాబేసు నిలబడదు.

దీనికి ఐబీఎమ్ తన ఎక్స్ఆర్సీ పద్ధతిలో ప్రతి రాతకూ ఉమ్మడి గడియారపు ముద్ర వేసి, అవతల ఆ వరుసలోనే పేర్చింది. మరో మార్గం యంత్రాలను ఒక జట్టుగా కట్టడం. జట్టులో ఒక్కటి పంపలేకపోయినా అన్నీ ఒకేసారి ఆగుతాయి. నకలు కాస్త పాతదవుతుంది, కాని పొందిక చెడదు. వైద్యుడిగా నాకు ఈ రాజీయే నచ్చుతుంది.

2001 సెప్టెంబరు 11న కాంటర్ ఫిట్జెరాల్డ్ సంస్థ 658 మంది ఉద్యోగులను కోల్పోయింది. న్యూజెర్సీలోని జంట కేంద్రం మిగిలింది కనుక రెండు రోజులకు బాండ్ల వ్యాపారం సాగింది. మరుసటి ఏడు అమెరికా ఆర్థిక నియంత్రణ సంస్థలు ముసాయిదాలో 200–300 మైళ్ళ దూరం మాట ఎత్తాయి. సమకాలిక నకలుకు అంత దూరం కుదరదు. 2003 ఏప్రిల్ నాటి తుది పత్రంలో కనీస దూరమేదీ విధించలేదు. దగ్గర ఒకటి సమకాలికంగా, దూరాన ఒకటి అసమకాలికంగా ఉంచే మూడు కేంద్రాల ఏర్పాటు ఈ ఇబ్బందికి జవాబుగా పెద్ద సంస్థల్లో స్థిరపడింది.

అదే 2003లో వెలువడిన హిపా భద్రతా నియమం నకళ్ళూ పునరుద్ధరణ ప్రణాళికా ఉండాలంది, ఏ అప్లికేషను ఎంత కీలకమో బేరీజు వేయమంది. ఏది దేనిపై ఆధారపడిందో అడగలేదు. ఇన్సులిన్ నమోదూ చక్కెర ఫలితమూ ఒకే జట్టులో ఉండాలని నిల్వ యంత్రాల ఇంజనీరుకు తనంతట తోచదు. అది వార్డులో పనిచేసేవాళ్ళే చెప్పాలి. ప్రణాళిక వేసే సమావేశానికి వాళ్ళను పిలవడం మాత్రం అరుదు.