మేలుకొలుపు పాటలు

తెలుగువారి యిండ్లలో మొన్నమొన్నటివరకు దినము పాటతో మొదలై పాటతో ముగియుచుండెను. తెల్లవారుజామున మేలుకొలుపు, సందెదీపము వెలిగించినపుడు మంగళహారతి, రాత్రి పసిబిడ్డకు జోల. దంపుళ్లపాటలు, తిరుగలిపాటలు పనికి సంబంధించినవి. నలుగుపాటలు, అప్పగింతపాటలు శుభకార్యములకు సంబంధించినవి. ఈ మూడు మాత్రము వెలుగుచీకట్ల పాటలు. చీకటి పోవుచున్నదనియో, వచ్చుచున్నదనియో, వచ్చినను దీపమున్నది గనుక భయములేదనియో చెప్పుటయే వీని పని. వీనిలో మేలుకొలుపును గూర్చి కొంత వ్రాయదలచితిమి. గడచిన నూటయేబది సంవత్సరములలో మన సంస్కర్తలును, దేశభక్తులును, కవులును అన్నిటికన్న మిన్నగా వాడుకొనిన అలంకారము మేలుకొలుపే. నిద్రించుచున్న జాతి, అజ్ఞానాంధకారము, జ్ఞానోదయము అను మాటలు లేని యుపన్యాసము మన సభలలో అరుదు. ఇంతగా వాడుకొనిన యీ పాటలో నిజముగా నిద్రించుచుండినవా రెవరో, మేలుకొనియుండినవా రెవరో ఒకమారు విచారించుట మంచిది.

సంస్కృతమున దీనికి సుప్రభాతమని పేరు. వాల్మీకి బాలకాండమున విశ్వామిత్రుడు యాగరక్షణమునకై తోడ్కొనిపోవుచున్న రాముని వేకువను లేపును. రాజభవనపు హంసతూలికాతల్పము లేదు. ఆకులు పరచిన పడక. లేపువాడు గురువు, లేచువాడు బాలుడు. సంధ్యాకాలమైనది, చేయవలసిన విధి యున్నది, లెమ్మను మాటయే కాని అందు స్తోత్రము మిక్కుటముగా లేదు. ఆ శ్లోకమునే మొదట నిలుపుకొని 15వ శతాబ్దమున ప్రతివాదిభయంకరం అణ్ణంగరాచార్యులు 29 శ్లోకముల వేంకటేశ సుప్రభాతమును సంతరించిరి. అచ్చట లేచువాడు లోకనాథుడు, లేపువారు దాసులు. మాట యదియే, పెద్దఱికము మాత్రము తలక్రిందులైనది. ఈ మార్పు రాజాస్థానముల వాసన. వందిమాగధులు రాజును స్తుతించుచు మేలుకొలుపుట పూర్వాచారము. రఘువంశమున అజుని నట్లే లేపుదురు. అయోధ్యాకాండమున దశరథునికిని ఉదయమున యథావిధిగా స్తోత్రపాఠములు జరిగినవి. రాజు రాత్రియే మరణించెనను సంగతి పాడినవారికి తెలియదు. వాల్మీకి యెంత నిర్దయగా ఆచారపు డొల్లతనమును చూపెనో సంస్కృతము చదివినవారు కూడ తఱచుగా గమనింపరు.

ఇంతకన్న భిన్నమైన మేలుకొలుపు తమిళదేశమున ముందుగనే పుట్టియున్నది. శ్రీవిల్లిపుత్తూరున వెలసిన గోదాదేవి తిరుప్పావైలో 30 పాశురములు గలవు. అందు ఆరవదానినుండి పదునైదవదానివరకు గల పదింటను లేపబడువారు చెలికత్తెలు. ఒక పిల్ల లేచి మఱియొక పిల్ల వాకిట నిలిచి, పక్షులు కూయుచున్నవి, శంఖము మ్రోగినది, గొల్లపడుచులు పెరుగు చిలుకు చప్పుడు వినబడలేదా యని నిలదీయును. అందఱును చేరిన పిదపగాని నందగోపుని వాకిటికి పోరు. ద్వారపాలకుని, నందుని, యశోదను దాటిన పిదపగాని కృష్ణుని పేర పిలుపు రాదు. ఆడువారు ఆడువారిని లేపుకొనుట మన వాఙ్మయమున ఇంత స్పష్టముగా మఱియెచ్చటను మాకు కానరాదు.

తెలుగున మేలుకొలుపును పదముగా పాడి నిలిపినవారిలో అగ్రగణ్యుడు తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503). ఆయన పాటలు రాగిరేకులపై చెక్కబడి, గుడిలో దాగియుండి, 20వ శతాబ్దమున వెలుగు చూచినవి. తిరువయ్యారున త్యాగరాజస్వామి (1767–1847) ఉత్సవసంప్రదాయ కీర్తనలలో భాగముగా బౌళిరాగమున మేలుకొలుపును రచించెను. బౌళి, భూపాలములు వేకువరాగములని సంగీతజ్ఞులు చెప్పుదురు. వీనినిగూర్చి పండితులు కావలసినంత వ్రాసియున్నారు గనుక మేము నిలువక ముందుకు సాగుచున్నాము.

మాకు ముఖ్యమైనవి పేరులేని పాటలు. ఇంటింట ఆడువారు కృష్ణునికి, రామునికి, లక్ష్మీదేవికి, పెండ్లియింట కొత్తదంపతులకు పాడిన మేలుకొలుపులు వేలకొలది కలవు. వానిలోని సామగ్రిని రెండు కుప్పలుగా విడదీయవచ్చును. తామరలు విచ్చుట, తుమ్మెదలు రొదసేయుట, నారదతుంబురులు వాకిట కాచియుండుట మొదలగునవి కావ్యములనుండి దిగివచ్చినవి. కోడికూత, వేగుచుక్క, ఆవుదూడల అంబారవము, చల్లకవ్వపు సడి, కళ్లాపి చల్లిన వాకిలి, ఇవి పుస్తకములనుండి వచ్చినవి కావు. ఆ వేళకు మేలుకొనియుండి, ఆ పనిని తాను చేయుచున్నవారికి తెలిసినవి. పాటలో దేవుడు నిద్రించుచున్నాడు. పాట చెప్పకున్నను ఇంటి మగవారును నిద్రించుచున్నారు. కవ్వపుత్రాడు చేత పట్టినయామె ఒక్కతెయే మేలుకొనియున్నది.

ఆ చీకటి యెట్టిదో నేటి పిల్లలకు చెప్పినను తెలియదు. కిరసనాయిలు ఊరూర వ్యాపించుటకు ముందు ఇంటికి వెలుగు ఆముదపు దీపమే. ప్రమిదలోని యొత్తి తన చుట్టును జానెడు మేర చూపునేకాని గది నంతయు చూపదు. అట్టి మసకవెలుతురులో ముసలమ్మ కోడలికి, కోడలు మనుమరాలికి పాట నేర్పిరి. వ్రాయుటకు వెలుగును లేదు, అక్షరమును లేదు. చేతులు కవ్వముమీదనో తిరుగలిపిడిమీదనో ఉండగా నోరు మాత్రమే తీరికగా నుండెను. పగలు అత్తమామల యెదుట గొంతెత్తరాని కోడలికి కూడ తెల్లవారుజామున దేవునిపేర గొంతెత్తుటకు అనుజ్ఞ యుండెను. మేలుకొలుపు భక్తిపాటయే. అయినను తనకని యొక ఘడియ సంపాదించుకొనిన ఇల్లాలి యుపాయము కూడ నని మా యభిప్రాయము.

నిద్రమెలకువలను గూర్చి ఆడువారు ఎంత నిశితముగా ఆలోచించిరో తెలియగోరువారు ‘ఊర్మిళాదేవి నిద్ర’ను చదువవలెను. వాల్మీకి ఊర్మిళకు పెండ్లిచేసి మఱచిపోయెను; స్త్రీలు మఱవలేదు. వారి పాటలో లక్ష్మణుడు అన్నవెంట అడవికి పోగా ఊర్మిళ తలుపు మూసికొని పదునాలుగేండ్లు నిద్రించును. అడవిలో భర్త పదునాలుగేండ్లు కన్నుమూయడు. అనగా అతని నిద్రనుకూడ ఈమెయే మోసినది. పట్టాభిషేకమైన పిదప సీత గుర్తుచేయగా రాముడు తమ్ముని పంపును. లక్ష్మణుడు వచ్చి పడకచెంత నిలిచి లేపును. ఆమె యతనిని గుర్తింపదు. ఎవడో పరాయివాడని తలచి, తన తండ్రి వినినచో ఊరకుండడని బెదరించి, పరస్త్రీ నాశించి చెడిన ఇంద్రుని, రావణుని తలపించి మందలించును. పదునాలుగేండ్లు నిద్రించినయామెకు రావణుని గతి యెట్లు తెలిసెనని తర్కశాస్త్రము చదివినవా రడుగవచ్చును. పాట కట్టినవారికి ఆ సందేహము తోచకుండునా? తోచియే యట్లు పాడిరని మేము నమ్ముచున్నాము. నిద్రించుచున్నదని లోక మనుకొనిన స్త్రీకి జరిగినదంతయు తెలిసియే యున్నదన్నమాట.

ఇక సంస్కరణయుగమునకు వత్తము. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి. వివేకవర్ధని పుట్టినదియు ఆ సంవత్సరముననే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. 1883లో స్త్రీలకై సతీహితబోధినిని వెలువరించిరి. 1902లో హిందూసుందరి బయలుదేరినది. ఈ పనుల విలువను తగ్గించి మాటాడువారితో మాకు పొత్తు లేదు. అక్షరము లేకపోవుట నిజమైన చీకటియే. పాట యెంత గొప్పదైనను దస్తావేజుపై వ్రేలిముద్ర వేయువానిని, వేయుదానిని మోసమునుండి కాపాడజాలదు. పసితనమున భర్తను పోగొట్టుకొనిన పిల్లకు మేలుకొలుపు పాట అన్నము పెట్టజాలదు.

అయినను ఆ కాలపు వ్రాతలలో ఒక చిక్కు పుట్టెను. స్త్రీలు నిద్రించుచున్నారు, చదువుకొనిన పురుషులు వారిని లేపవలెను అను మాట తిరిగి తిరిగి, అలంకారమన్న సంగతి మఱపునకు వచ్చి, యథార్థమని పాతుకొనిపోయినది. అందఱికన్న ముందు లేచి అందఱిని లేపుచుండినవారికి ‘లెండు, లెండు’ అని యుపన్యాసము చేయుట వింత గాదా? దానివలన కలిగిన నష్టము మాటతో పోలేదు. అక్షరము లేదు గనుక వారియొద్ద నేదియు లేదని భావించుటచే, బడికి వచ్చిన బాలికకు శతకపద్యము నేర్పితిమి కాని ఆమె అమ్మమ్మ పాటను బడిలోనికి రానీయలేదు. మేము పాఠము చెప్పు వాచకములలో నేటికిని ఊర్మిళాదేవి నిద్రకు చోటు దొరకలేదు. చదువు వచ్చిన కూతురు తల్లిపాటకు సిగ్గుపడుట నేర్చుకొనెను. తల్లి యా సిగ్గును చూచి పాడుట మానుకొనెను. ఒక తరముతో తెగిపోయిన పాటను మరల నతికించుట కష్టము.

వెలుగును గూర్చిన భావనను మార్చినవారిలో గురజాడ అప్పారావుగారిని చెప్పుకొనక తీరదు. 1910లో హేలీ తోకచుక్క కనబడినపుడు అరిష్టమని జనము భయపడుచుండగా, ఆయన ముత్యాలసరములలో దానిని సంఘసంస్కరణమునకు ముందు నడచు పతాకముగా చూచెను. ఇరువదియేండ్లకు, 1930లో ఉప్పుసత్యాగ్రహకాలమున, ప్రభాతభేరి వచ్చినది. వేకువను వీథులవెంట దేశభక్తిగీతములు పాడుచు పోవు ఆ బారులలో స్త్రీలును కలిసిరి. వేకువపాట వారికి కొత్త కాదు. గడప దాటి వీథిలో పాడుట కొత్త. గోదాదేవి చెలికత్తెలు చేసినదియు అదియే కదా.

అటుపిమ్మట పాట యంత్రములోనికి పోయినది. 1948 డిసెంబరులో విజయవాడ రేడియోకేంద్రము మొదలైనది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి పూనికతో అచ్చటినుండి భక్తిరంజని ఉదయపు వేళ ఇండ్లకు వినవచ్చెను. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి కంఠమున వేంకటేశ సుప్రభాతము రికార్డుగా వెలువడి, గుళ్ల మైకులలోను కాఫీహోటళ్లలోను మ్రోగి, సంస్కృతాక్షరము తెలియనివారికి కూడ కంఠస్థమైనది. ఇంటి పాట పోయి యంత్రపు పాట వచ్చెనని వగచువారు కలరు. వారు తిరుగలియు పోయినదని, దంపుడురోలు పోయినదని, చలికాలమున మూడవజామున లేవవలసిన అగత్యము పెక్కుమందికి తప్పినదని సంతోషింపవలెను. పాటకై ఆ కష్టమును మరల కోరుట పాడనివారికి చెల్లునేకాని పాడినవారికి చెల్లదు. కోరదగినది వేఱొకటి: మిగిలినదానిని వ్రాసియుంచుట. కృష్ణశ్రీ సంపాదకత్వమున 1955లో ఆంధ్రసారస్వతపరిషత్తు ప్రకటించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’, బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) లేకున్నచో మేమీ వ్యాసమును వ్రాయగలిగెడివారము కాము.

పేరు మిగిలిన యొక స్త్రీని గూర్చి చెప్పవలసియున్నది. తరిగొండ వెంగమాంబ (1730–1817) చిత్తూరు సీమలోని తరిగొండలో పుట్టి బాల్యముననే భర్తను కోల్పోయెను. తలవెండ్రుకలు తీయించుకొనుటకు ఒప్పుకొనక, వేంకటేశ్వరుడే తన భర్తయని నిలిచెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఊరివారి నిందలు భరించి, తిరుమల చేరి, వేంకటాచలమాహాత్మ్యము, వాసిష్ఠరామాయణము, ద్విపదభాగవతము, యక్షగానములు రచించి, ఆ కొండమీదనే దేహము విడిచెను. నేడు తిరుమలలో నిత్యాన్నప్రసాదభవనమునకు ఆమె పేరు కలదు. అచ్చట భుజించు వేలమందిలో ఆమె కవియని యెఱిగినవా రెందఱో! మంగళహారతి ముత్తైదువుల పని యనియు, విధవ యెదురుపడుటయే అశుభమనియు నమ్మిన ఆ కాలమున ఆమె దేవునికి హారతి పట్టినది. ‘తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాలహారతి’ యని లోకోక్తి పుట్టినది.

ప్రతిరాత్రి తిరుమలలో ఏకాంతసేవవేళ అన్నమయ్య లాలిని పాడి దేవుని పవ్వళింపజేసి, ఆమె పేర ముత్యాలహారతి యిచ్చి తలుపులు మూయుదురు. తక్కిన దినములలో వేకువను సుప్రభాతముతో ఆ తలుపులు తెరచుకొనును. ధనుర్మాసమున మాత్రము సుప్రభాతము నాపి, చెలికత్తెల నందఱిని మేలుకొలిపిన గోదాదేవి తిరుప్పావైని చదువుదురు.