పళ్ళెం అంచు మీద

సాయంత్రం ఆరవుతోంది. గన్నవరంలో ఓ మేడ మీద హాలు. కర్ర పట్టుకుని పీట ముందు కూర్చున్నారు మీరు. ఈ పూట కూచిపూడి పాఠం మీదే. దిగబోతున్న విమానం తల మీదుగా మోతతో వెళ్తుంది. పిల్లలెవరూ పైకి చూడరు. రోజూ ఉండేదే.

ఒళ్ళు వేడెక్కింది. ఇప్పుడు అరమండి. లేచి వరుస చివరికి వెళ్ళండి. చిన్నపాప పాదాలు బాగా పక్కకు తిప్పింది, మోకాళ్ళు మాత్రం లోపలికి వాలుతున్నాయి. తుంటి దగ్గర కాలు ఎంత తిరిగితే పాదమూ అంతే తిరగాలి. అంతకు మించి తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది.

"పాదాలు కొంచెం ముందుకు తిప్పు నాన్నా. మోకాలు వేళ్ళ వైపే వంగాలి."

తిప్పింది. మోకాలు కుదురుకుంది. అందం ఏమాత్రం తగ్గలేదు.

ఇక తరంగం. పెద్దమ్మాయి ఇత్తడి పళ్ళెం తెచ్చింది. గోడ మీద ఫొటోలో ఈ పిల్లే ఉంది, పాలపళ్ళ వయసులో. 2016 డిసెంబరు, విజయవాడ స్టేడియం, ఒకేసారి 6 వేల మందికి పైగా కూచిపూడి ఆడిన రోజు. ఇంకో పది రోజుల్లో ఒంటరిగా వేదికెక్కబోతోంది.

పళ్ళెం ఎక్కింది. కాలివేళ్ళు అంచుని బిగించి పట్టాయి. బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మారుతుంటే పళ్ళెం గ్రానైట్ మీద గీరుకుంటూ ముందుకు జరుగుతోంది. మొదటి కాలం బాగుంది. రెండో కాలమూ బాగుంది.

మూడో కాలం.

పళ్ళెం ఎడమకి లాగుతోంది. కుడికాలు బరువు తీసుకోవట్లేదు. ముఖంలో నవ్వు చెదరలేదు. పెదవి మాత్రం బిగిసింది. తర్వాత తల మీద చెంబు పెట్టాలి. గుమ్మంలో వాళ్ళమ్మ చూస్తోంది.

తాళం కొడుతూనే ఉండాలా? ఆపాలా?

ఆపండి.

"ఎక్కడ నాన్నా?"

"ఏం లేదు టీచర్."

కూర్చోబెట్టండి. మోకాలి కింద ముందెముక మీద వేలితో మెల్లగా నొక్కుతూ రండి. కండరం అలసితే నొప్పి చాలామేర పాకుతుంది. ఇక్కడ అలా లేదు. ఒక్కచోట, వేలికొస అంత మేర, ఉలిక్కిపడింది. ఎముక మీద అలా ఒకేచోట నొప్పి ఉంటే సన్నగా బీటవారి ఉండొచ్చు. కింద సిమెంటు, పైన రాయి. కొట్టిన ప్రతి అడుగు దెబ్బా తిరిగి కాలికే వస్తుంది.

"ఎప్పటి నుంచి?"

తల దించుకుంది. "దసరా నుంచి టీచర్. చెప్తే తరంగం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారని..."

గజ్జెలు మీ చేతులతోనే విప్పండి. తరంగం తనదేనని ముందు చెప్పండి. రేపు పొద్దున్నే ఎముకల డాక్టరుకి చూపించమని వాళ్ళమ్మతో అనండి. ఆయన సరే అనేదాకా ఈ పిల్ల పళ్ళెం ఎక్కదు.