ఇరవై ఒక్కమంది యజమానులకు ఓ పాఠం

1950 జులైలో టోక్యో ఇంకా యుద్ధం దెబ్బ నుంచి తేరుకోలేదు. అక్కడి ఇంజనీర్లకు పాఠాలు చెప్పడానికి వచ్చిన అమెరికన్ గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్‌కు ఇంజనీర్లతో తృప్తి కలగలేదు. వీళ్ల యజమానులను కూర్చోబెట్టండని పట్టుబట్టాడు. పారిశ్రామిక పెద్ద ఇచిరో ఇషికావా పిలుపు పంపితే 21 మంది కంపెనీ అధిపతులు వచ్చి కూర్చున్నారు.

ఆ పట్టుదల చేదు అనుభవం నుంచి పుట్టింది. యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో వేలమందికి ఇదే విద్య నేర్పారు. సరుకు తయారయ్యాక మంచిచెడ్డలు ఏరడం కాదు, తయారవుతుండగానే చార్టు గీసి తేడా పట్టుకోవడం. కిందివాళ్లు బాగానే నేర్చుకున్నారు. పైవాళ్లకు అదేమిటో తెలియదు. యుద్ధం ముగిసి, ఏం చేసినా అమ్ముడుపోయే రోజులు వచ్చేసరికి ఆ చార్టులు మూలపడ్డాయి. జపాన్‌లో అలా జరగలేదు. డెమింగ్ తన ఉపన్యాసాల పుస్తకం మీద వచ్చిన రాయల్టీని వదులుకుంటే, 1951లో నాణ్యతకు ఆయన పేరుతోనే బహుమతి పెట్టారు.

ఇంకోపక్క సైన్యాలు తమ దారిలో అక్కడికే వస్తున్నాయి. సరుకుతోపాటు దాన్ని చేసే పద్ధతినీ చూడాలని అమెరికా సైన్యం 1959లో ఓ ప్రమాణం రాసింది. బ్రిటన్ 1979లో బీఎస్ 5750 తెచ్చింది. 1987లో అదే ఐఎస్ఓ 9000 అయి ప్రపంచమంతా తిరిగింది. మన దేశంలో ఆ సర్టిఫికెట్‌ను ముందుగా, 1990లో, అందుకున్నది చెన్నైకి చెందిన సుందరం ఫాస్టెనర్స్.

తర్వాత సర్టిఫికెట్ల జాతర మొదలైంది. 1994 కూర్పులో 20 అంశాలుంటే, వాటికి ఫ్యాక్టరీలు బీరువాల కొద్దీ ఫైళ్లు పేర్చాయి. రాసింది రాసినట్టు చేస్తే చాలు, సిమెంటుతో లైఫ్ జాకెట్లు పోసినా సర్టిఫికెట్ వస్తుందని పాశ్చాత్య దేశాల్లో ఓ జోకు పుట్టింది. మన దగ్గరా తెలిసిన దృశ్యమే: రేపు ఆడిట్ అంటే ఇవాళ రాత్రి నేలకు గీతలు, గోడలకు బోర్డులు, నెల రోజుల రిజిస్టరుకు ఒకే పెన్నుతో సంతకాలు. నన్నడిగితే ఆ బీరువా తెరవనే అక్కర్లేదు. రాత్రి షిఫ్టులో గేజ్ తేడా చూపిస్తే మిషన్ ఆపే ధైర్యం ఆపరేటర్‌కు ఉందో లేదో కనుక్కుంటే చాలు.

1998లో డెమింగ్ బహుమతి తొలిసారి భారత్‌కు వచ్చింది. గెలిచింది చెన్నై పాడిలో బ్రేకులు చేసే సుందరం క్లేటన్ విభాగం. సుందరం ఫాస్టెనర్స్‌దీ, దీనిదీ ఒకే టీవీఎస్ కుటుంబం.

ఐఎస్ఓ కూడా మెల్లగా కాగితం తగ్గించుకుంటూ వచ్చింది. 2000 కూర్పు తప్పనిసరిగా రాయమన్న పద్ధతులు ఆరే. 2015లో నాణ్యత మాన్యువల్ కూడా తప్పనిసరి కాకుండా పోయింది. దాంతోపాటు మొదటి నుంచీ ఉన్న ఓ కుర్చీ కూడా పోయింది. అది యాజమాన్య ప్రతినిధిది. పైవాళ్ల తరఫున నాణ్యత బరువంతా మోయడానికి ప్రతి ఫ్యాక్టరీలో ఒకరిని పెట్టేవారు. ఆ పదవి ఇక తప్పనిసరి కాదన్నారు. బదులుగా ‘నాయకత్వం’ పేరుతో ఓ అధ్యాయం పెట్టి, ఆ బరువును నేరుగా యజమానుల నెత్తినే పెట్టారు. టోక్యోలో ఆ 21 మంది వచ్చి కూర్చున్న 65 ఏళ్లకు.