పచ్చ నరకంలో 6:57

2013 సెప్టెంబర్ 4. జర్మనీ, ఐఫెల్ కొండలు.

హెల్మెట్ బిగిసింది. బెల్టులు భుజాల్ని సీటుకేసి నొక్కేశాయి. స్టీరింగ్‌కి ఎడమపక్కన తాళం. పోర్షే కార్లలో చాలావాటికి అక్కడే ఉంటుంది. ఈ కారు అలవాటు ఒకటుంది. తాళం తిప్పితే చప్పుడు రాదు. కరెంటు మీదే కదులుతుంది.

887 హార్స్‌పవర్ ఉన్న పోర్షే 918 స్పైడర్ అది. సీట్లో 33 ఏళ్ల మార్క్ లీబ్, కంపెనీ సొంత రేసు డ్రైవర్. ఎదురుగా 20.6 కిలోమీటర్ల ట్రాక్. దాన్ని ఏడు నిమిషాల్లోపు చుట్టి రావాలి. ప్రపంచమంతటా రోడ్డెక్కడానికి అనుమతి ఉన్న ఏ కారూ అప్పటిదాకా ఆ పని చెయ్యలేదు.

ట్రాక్ పేరు నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె. డెబ్బైకి పైగా మలుపులు. ఎత్తుపల్లాల మధ్య తేడా దాదాపు 300 మీటర్లు. ఇక్కడి ఆకాశాన్ని నమ్మడానికి లేదు, ఒక కొసన ఎండ కాస్తుంటే ఇంకో కొసన వాన పడుతుంది. జాకీ స్టీవర్ట్ అంతటి ఛాంపియనే దీన్ని 'పచ్చ నరకం' అన్నాడు. 1976లో రేసు డ్రైవర్ నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకున్నది ఇక్కడే, బెర్గ్‌వెర్క్ మలుపు దగ్గర. ఆ మలుపు లీబ్‌కీ తప్పదు.

ఇంజిన్ అందుకుంది. 4.6 లీటర్ల వీ8. ఒక్కటే 608 హార్స్‌పవర్ ఇస్తుంది, 9,150 ఆర్‌పీఎం దాకా అరుస్తుంది. దీని పొగ గొట్టాలు వెనక బంపర్ కింద ఉండవు. ఇంజిన్ మీంచి నిటారుగా పైకి లేచి, డ్రైవర్ తల వెనకే తెరుచుకుంటాయి. అది సోకు కోసం చేసిన పని కాదు. మండే పొగ దగ్గరిదారిన పైకి పోతే, సీట్ల వెనక కింద ఉన్న బ్యాటరీకి సెగ తగలదు.

అసలు గొడవంతా ఆ బ్యాటరీతోనే. 312 సెల్స్, 6.8 కిలోవాట్ అవర్స్. రేసు కారులో గ్రాము గ్రాముకీ లెక్క చూస్తారు. అలాంటిది ఇంత బరువు మోసుకుంటూ ఈ కొండలెక్కి దిగడమా? కారు బరువే 1,600 కిలోలు దాటింది. పైగా బ్యాటరీ సగం దారిలో ఖాళీ అయితే ముందొక మోటారూ, వెనకొక మోటారూ ఉత్త బరువే.

హాట్సెన్‌బాఖ్ మెలికలు. ఎడమ, కుడి, ఎడమ. ఫ్లూగ్‌ప్లాట్స్ దగ్గర మిట్ట ఎక్కుతుంటే ముందేముందో కనిపించదు. కారు తేలికవుతుంది. టైర్లు మళ్లీ నేలను పట్టుకునేలోపే ష్వెడెన్‌క్రాయిట్స్ మీదికొచ్చేస్తుంది.

స్టీరింగ్ మీద చిన్న నాబ్ ఉంది, దాని నడుమ ఎర్ర బటన్. 'హాట్ ల్యాప్'. అది నొక్కితే బ్యాటరీ ఇక దాచుకోదు, ఉన్నదంతా చక్రాలకు ఇచ్చేస్తుంది. ఇచ్చేశాక?

జవాబు బ్రేక్ పెడల్ కింద ఉంది. వేర్‌జైఫెన్ దిగుడు, ఆ కింద బ్రైడ్‌షైడ్, ట్రాక్ మొత్తంలో పల్లపు చోటు. ఆ వాలులో డ్రైవర్ పెడల్ తొక్కినప్పుడల్లా ముందుగా చక్రాల్ని పట్టేది మోటార్లే, అవే అప్పుడు జనరేటర్లై, మామూలు కారులో డిస్కుల మీద వేడిగా పోయే శక్తిని కరెంటుగా మార్చి, రెప్పపాటులో బ్యాటరీలోకి తోసి, తర్వాతి ఎక్కుడు కోసం సిద్ధంగా ఉంచుతాయి. అక్కడికీ చాలకపోతేనే డిస్కులు అందుకుంటాయి. ఇప్పుడు ఎక్కుడు రానే వచ్చింది.

బెర్గ్‌వెర్క్. లౌడా మలుపు. దాటేశాడు.

ఆ తర్వాత కెసెల్‌ఖెన్, పొడవాటి ఎక్కుడు, యాక్సిలరేటర్ వదలని చోటు. దిగుడులో దాచిన కరెంటుకు ఇక్కడే పని. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షే పెట్రోల్ ఇంజిన్‌నీ, కరెంటు మోటార్లనీ ఒకే బండిలో కలిపాడు. 'సెంపర్ వీవస్' అని పేరు పెట్టాడు. ఆయన పేరు మోస్తున్న కంపెనీ 113 ఏళ్ల తర్వాత అదే ఆలోచనను ఈ ఎక్కుడు మీద పరీక్షకు పెట్టింది. పైన కారుసెల్, కాంక్రీటు పలకల గుంట. కారు అందులోకి ఒరిగి గడగడలాడింది. బయటపడింది. గడియారం ఆగలేదు.

చివరిది డోటింగర్ హోహె. కనుచూపు మేర తిన్నటి రోడ్డు. గంటకు 265 కిలోమీటర్లు దాటగానే ముందు మోటార్ దానంతటదే చక్రాల నుంచి విడిపోతుంది. ఇక బరువంతా వెనక మోటార్ మీద, వీ8 మీద. చెట్లు గీతలయ్యాయి. టీర్‌గార్టెన్ పల్లం, బ్రేకులు, చివరి మెలిక, గీత.

6 నిమిషాల 57 సెకన్లు.

పాత రికార్డు కంటే 14 సెకన్లు తక్కువ. సగటు వేగం గంటకు దాదాపు 178 కిలోమీటర్లు. బరువని అందరూ అనుమానించిన బ్యాటరీయే కొండలెక్కించింది.

రెండు వారాలకు, సెప్టెంబర్ 18న, స్టట్‌గార్ట్ జుఫెన్‌హౌసెన్‌లో తయారీ మొదలైంది. దాదాపు వందమంది చేతులతో బిగించారు. కట్టింది 918 కార్లే. జర్మనీలో ధర ఏడు లక్షల అరవై ఎనిమిది వేల యూరోలు. అంత పోసి కొన్నవాళ్లకు దక్కింది వేగం ఒక్కటే కాదు. రాత్రి ఇంటి ప్లగ్‌కి పెట్టుకుని, తెల్లారాక ఇరుగుపొరుగుకి నిద్రాభంగం కాకుండా బయటికి వెళ్లొచ్చు. చివరి కారు 2015 జూన్‌లో బయటికొచ్చింది.

2016లో టయోటా, ఆడీలతో తలపడి లె మాన్ 24 గంటల రేసు గెలిచిన పోర్షేలో లీబ్ ఉన్నాడు. అది 919 హైబ్రిడ్. 2024 సెప్టెంబర్‌లో మెర్సిడెస్-ఏఎంజీ వన్ ఇదే నార్డ్‌ష్లైఫెని, 20.832 కిలోమీటర్ల పూర్తి చుట్టు కొలతలో, 6:29.090లో చుట్టింది. అదీ హైబ్రిడ్డే.