తెలియకపోతే లేనట్టేనా?

2015 అక్టోబరు 1 గురించి కదిపితే చాలు, అమెరికా హెల్త్‌కేర్ ప్రాజెక్టుల్లో చేసిన మన సీనియర్లు యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళలా కథలు మొదలెడతారు. ఆ రోజు అక్కడి ఆసుపత్రులు, ఇన్సూరెన్సు కంపెనీలు ఐసీడీ-9 వదిలేసి ఐసీడీ-10కి మారాయి. జబ్బుకో కోడు, కోడుంటేనే బిల్లు. నేనప్పటికి ఇంకా కాలేజీలోనే ఉన్నా కాబట్టి ఆ యుద్ధం తప్పించుకున్నా :-) ఆనాటి మ్యాపింగ్ ఫైళ్ళు మాత్రం ఈ మధ్య నా నెత్తిన పడ్డాయి.

వాటిల్లో ఒకచోట ఆగిపోయాను. జె92.0 అంటే ఆస్బెస్టాస్ ఉన్న ప్లూరల్ ప్లాక్. జె92.9 అంటే ఆస్బెస్టాస్ లేని ప్లూరల్ ప్లాక్. ఐసీడీ-9కి వెనక్కి మ్యాప్ చేస్తే రెండూ ఒకే చోట తేలతాయి: 511.0, నీరు చేరని ప్లూరసీ. అంటే 2015 దాకా అక్కడి బిల్లు చూసి ఆ రెంటికీ తేడా చెప్పడం కుదిరేది కాదన్నమాట. సరే, కొత్త కోడ్లతో ఆ గొడవ తీరిపోయింది కదా అనుకున్నా. తీరలేదు. అది తర్వాత చెప్తాను.

ప్లూరా అంటే ఊపిరితిత్తుల మీదా, ఛాతీ గోడకి లోపలివైపూ ఉండే పల్చటి పొర. ఆస్బెస్టాస్, అదే రాతినార, దుమ్ములోని సూదుల్లాంటి పోగులు ఊపిరితో లోపలికెళ్ళి ఈ పొర దాకా చేరతాయి. ఏ ఇరవై, ముప్పై ఏళ్ళకో పొర అక్కడక్కడా గట్టిపడి ఎక్స్‌రేలో మచ్చల్లా కనిపిస్తుంది. అవే ప్లాకులు. వాటితో మనిషికి పెద్దగా బాధ ఉండదు. కానీ ఎప్పుడో ఎక్కడో ఆ దుమ్ము పీల్చాడనడానికి అవి సాక్ష్యం. అదే పొరకి అదే దుమ్ము వల్ల వచ్చే క్యాన్సరు మీసోథీలియోమా. అది మాత్రం ప్రాణం తీస్తుంది.

ఈ క్యాన్సరు సంగతి బయటపడింది దక్షిణాఫ్రికాలో. 1950ల్లో కింబర్లీ ఊళ్ళో స్లెగ్స్ అనే డాక్టరు టీబీ ఆసుపత్రి చూసేవారు. ప్లూరా జబ్బుతో వచ్చినవాళ్ళలో కొందరికి టీబీ మందులు ఎంత వాడినా గుణం కనిపించేది కాదు. పెథాలజిస్టు వాగ్నర్ పరీక్షించి చూస్తే మీసోథీలియోమా. అసలలాంటి క్యాన్సరు ఉందా లేదా అని పెథాలజిస్టులు ఇంకా వాదించుకుంటున్న రోజులవి. 1960లో వాగ్నర్, స్లెగ్స్, మార్చండ్ ముగ్గురూ కలిసి 33 కేసులతో వ్యాసం ప్రచురించారు. ఆ కేసుల్ని కలిపిన దారం నీలం ఆస్బెస్టాస్ గనులు. వాళ్ళలో చాలామంది గనిలో దిగినవాళ్ళు కూడా కాదు, చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్ళు. ఈ విషయం ఏ మైక్రోస్కోపులోనూ కనపడదు. మీదే ఊరు, చిన్నప్పుడు ఎక్కడుండేవారు, ఏం పని చేసేవారు అని ఎవరో ఒకరు కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

మరి 1960లో ఇంత తెలిశాక వెంటనే కోడు వచ్చుండాలి కదా? రాలేదు. 1968లో ఐసీడీ-8, 1979లో ఐసీడీ-9 వచ్చాయి, మరణ కారణాల్లో మీసోథీలియోమాకి సొంత నంబరు లేదు. ఐసీడీ-9లో ప్లూరా క్యాన్సర్లన్నిటికీ కలిపి 163. బ్రిటన్‌వాళ్ళు మాత్రం తెలివిగా కోడుని పక్కనపెట్టి, 1968 నుంచి మరణ ధ్రువపత్రంలో మీసోథీలియోమా అన్న మాట ఉందా లేదా చూసి ఒక రిజిస్టరు నడిపారు. కాలమ్ లేకపోతే టెక్స్ట్‌లో వెతకడం, మనం చేసే పనే. సి45 అనే నంబరు ఐసీడీ-10తో వచ్చింది. దాన్ని ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది 1990లో, అమెరికా మరణాల లెక్కకి వాడడం మొదలెట్టింది 1999లో. ఆ మొదటి ఏడాదే 2,479 మరణాలు తేలాయి. 2015 దాకా మొత్తం 45,221. అంతకుముందు ఏళ్ళలో ఎంతమందో ఇలా తిన్నగా లెక్కపెట్టే దారే లేదు.

ఇప్పుడు జె92.9 దగ్గరికి వద్దాం. దాని పేరు 'ఆస్బెస్టాస్ లేని ప్లాక్', బానే ఉంది. కానీ దాని కింద ఇంకో లైనుంది: డాక్టరు వివరం ఏమీ రాయకుండా ఉత్త 'ప్లూరల్ ప్లాక్' అని రాస్తే అది కూడా ఇందులోకే వస్తుంది. అంటే 'ఆస్బెస్టాస్ లేదు'కీ, 'ఎవరూ అడగలేదు'కీ ఒకటే కోడు! మన భాషలో చెప్పాలంటే నల్‌ని ఫాల్స్‌గా సేవ్ చేశారు. కోడ్ రివ్యూలో ఏ ఫ్రెషరన్నా ఇలా చేస్తే మనం ఊరుకుంటామా?

ఇందులో కోడర్ల తప్పేం లేదు. హైదరాబాదులోనో, చెన్నైలోనో కూర్చుని నైట్ షిఫ్టులో చార్టు చదివే అమ్మాయికి, ఆ పెద్దాయన ఓడల కార్ఖానాలో పనిచేశాడేమోనని అనుమానం వచ్చినా, డాక్టరు రాయనిది కోడ్ చేయకూడదు. అవుట్‌పేషెంటయితే డాక్టరు 'కావచ్చు' అని రాసినా ఖాయమైన జబ్బుగా కోడ్ చేయకూడదు. ఆ రూలు సరైనదే కూడా, లేకపోతే ఎవరికి తోచింది వాళ్ళు రాసేస్తారు.

బాధ లేని మచ్చకి ఇంత గొడవెందుకు అంటారా? బ్రిటన్‌లో ఇదే ప్రశ్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. లక్షణాలు లేని ప్లాకులకి నష్టపరిహారం అడగడానికి లేదని 2007లో తీర్పొచ్చింది. స్కాట్లాండ్ ఒప్పుకోలేదు, అడగొచ్చని 2009లో ఏకంగా చట్టం చేసింది. ఇన్సూరెన్సు కంపెనీలు దానిమీద కోర్టుకెళ్ళి 2011లో సుప్రీంకోర్టులో ఓడిపోయాయి. మచ్చ ఒకటే. సరిహద్దుకి ఇటుంటే డబ్బులొస్తాయి, అటుంటే రావు. అక్కడ కూడా ఆస్బెస్టాస్ వల్లేనని ముందు రుజువు కావాలి. దానికి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసిపెట్టి ఉండాలి.

రాసిపెట్టడం గురించి మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆస్బెస్టాస్ పనివాళ్ళ ఆరోగ్య రికార్డుని చేరిన రోజు నుంచి 40 ఏళ్ళో, మానేశాక 15 ఏళ్ళో, ఏది తర్వాతయితే అప్పటిదాకా ఉంచాలంది. జబ్బు ఎంత నిదానంగా బయటపడుతుందో తెలిసి పెట్టిన లెక్క అది. మరి సిమెంటు రేకులు కోసి, చిల్లులు పెట్టి మన ఇళ్ళమీద బిగించిన మేస్త్రి పేరు ఏ కంపెనీ రిజిస్టర్లో ఉంటుంది?

అమెరికా కోడ్లలో జెడ్77.090 అని ఇంకోటుంది, ఆస్బెస్టాస్ తగిలిందనో, తగిలిందేమో అన్న అనుమానం ఉందనో నమోదు చేయడానికి. 'ఏమో' అని రాసుకోవడానికి కూడా చోటిచ్చారు, సంతోషం. కాకపోతే అది వేయాలన్నా డాక్టరు ముందు ఆ ప్రశ్న అడిగి చార్టులో ఒక లైను రాయాలి.